గువ్వలచెరువు ఎక్కి, గండిలో దిగి

కడప నుంచి వేంపల్లెకు పెండ్లిమర్రి మీదుగా నేరుగా పోతే గంట, మహా అయితే గంటంబావు. రోడ్డు బాగుంటుంది, బస్సులు దండిగా ఉంటాయి, ఎవరైనా ఆ దారినే పోతారు. నేను అనుకున్న దారి వేరు. రాయచోటి రోడ్డున గువ్వలచెరువు ఘాట్ ఎక్కాలి. రామాపురం దాటినాక పెద్దరోడ్డు వదిలేసి పల్లెదార్లలో లక్కిరెడ్డిపల్లె వైపు మళ్లాలి. అక్కణ్నుంచి చక్రాయపేట, ఆపైన గండి, చివరికి వేంపల్లె. అంటే పాలకొండలను ఒకచోట ఎక్కి దాటి, ఇంకోచోట ఏరు కోసిన సందులోంచి ఇవతలికి రావడం. ధనుర్మాసం, తెల్లవారుజాము, కార్లో నేనొక్కదాన్నే. ఇంట్లో చెప్పాను. వద్దన్నారు. వినలేదు.

ఆ ఏడు కార్తీకం వానలు గట్టిగా పడ్డాయి. చెరువులు నిండాయి, నేల ఇంకా తడి ఆరలేదు. అట్లాంటప్పుడు రాత్రి ఆకాశం తేటగా ఉండి, గాలి ఆగిందంటే చాలు, నేలలోని వేడంతా పైకి పోయి, నేలను ఆనుకున్న గాలి చల్లబడి అందులోని తేమ మంచుగా దిగుతుంది. మన సీమలో మంచేమిటని నవ్వే కోస్తా స్నేహితులు నాకు చాలామంది ఉన్నారు. వాళ్లను సంక్రాంతికి ముందు ఒక తెల్లవారుజామున చింతకొమ్మదిన్నె దాటించి ఘాట్ మొదట్లో నిలబెట్టాలని నా కోరిక.

ఘాట్ మొదట్లోనే చూపు ఆగిపోయింది. హెడ్‌లైట్లు పైకి వేస్తే ఎదురుగా తెల్లగోడ. మంచులో ఉండేవి నీటి తుంపరలే కాబట్టి పైకి కొట్టిన వెలుతురు వాటిమీద పడి మన కంట్లోకే తిరిగొస్తుంది. లైట్లు దించితే కనీసం బండి ముందున్న నాలుగు గజాల తారు కనిపిస్తుంది. ఆ రోడ్డుకు అంచున తెల్లగీత ఉండటం పెద్ద వరం. ఎడమపక్క గీత మీద కన్ను, రెండో గేరు, కిటికీ అద్దం సగం కిందికి. అద్దం దించింది చల్లగాలి కోసం కాదు. మలుపు అవతలి లారీ కంటికి కనపడే లోపలే దాని ఇంజిను మూలుగు చెవికి అందుతుంది. ఎక్కేదయితే ఒక తీరు మోత, దిగేదయితే ఇంకో తీరు. దిగేవాటి నుంచి కాలిన బ్రేకుల వాసన కూడా వస్తుంది. ఈ ఘాట్‌లో ప్రమాదాల వార్త లేని సంవత్సరం నాకు గుర్తులేదు. చాలావాటిలో కథ ఒకటే: బరువుతో దిగే లారీ, అదుపు తప్పిన బ్రేకు.

రెండు మలుపులు తిరిగాక రోడ్డు మధ్యలో ఒక పచ్చటి కొమ్మ కనిపించింది. కానుగ కొమ్మ. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక తలకాయంత రాళ్లు వరసగా. వాటి వెనక ఏముందో ఇంకా కనపడలేదు కానీ కాలు బ్రేకు మీదికి పోయింది. లారీ ఆగిపోయి ఉంది. వెనక లైట్లు వెలగడం లేదు. కొమ్మలు విరిచి వేసిన క్లీనరు కుర్రాడు దుప్పటి కప్పుకుని రోడ్డు పక్కన నిలబడి, వచ్చే ప్రతి బండికీ సెల్‌ఫోన్ వెలుతురు ఊపుతున్నాడు. మెరిసే ముక్కోణం బోర్డు వాళ్ల దగ్గర ఉందో లేదో నాకు తెలియదు. ఉన్నా ఆ మంచులో కానుగ కొమ్మంత పని చేసి ఉండేది కాదు. ఆకుల పచ్చదనం ఆ తెలుపులో ఎంత దూరం నుంచి పట్టిచ్చిందో చూసి ఆశ్చర్యపోయాను.

ఇంకో సంగతి చెప్పాలి. నా వెనక ఒక కారు నాలుగు ఇండికేటర్లూ టపటపలాడించుకుంటూ ఘాటంతా ఎక్కింది. ఆ లైట్లు ఆగిపోయిన బండికి. పోయే బండి అవి వేసుకుంటే ఎటు తిరగబోతోందో వెనకవాడికి తెలియదు, ఆగిందో కదులుతోందో కూడా తెలియదు. ఎవరు నేర్పారో గానీ మంచు కనపడగానే ఆ బటను నొక్కడం మనవాళ్లకు అలవాటైపోయింది.

పై మలుపుల్లో మంచు హఠాత్తుగా తెగిపోయి నక్షత్రాలు కనిపించాయి. మంచంతా కింద లోయలోనే ఉండిపోయింది. గువ్వలచెరువులో పాలకోవా అంగళ్లు కొన్ని అప్పటికే తెరిచారు. ఒక అంగడి వెనక కట్టెల పొయ్యి మీద పెద్ద బాండలి, అందులో పాలు, ఒకాయన పొడుగాటి గరిటెతో ఆపకుండా తిప్పుతున్నాడు. టీ అడిగితే గ్లాసులో పోసిచ్చి, "దిగేటప్పుడు కోవా తీసుకోమ్మా, ఇంకా వేడి మీదుంది" అన్నాడు. నేను ఈ దారిన దిగనని చెబితే నా వైపు ఒక చూపు చూసి, అర కిలో కట్టి చేతికిచ్చాడు. వ్యాపారమంటే అది.

ఈ ఊరి పేరు భూగర్భ శాస్త్రం పుస్తకాల్లో ఉంది. తెల్లవాళ్లు గువ్వలచెరువును గుల్చేరు అని రాసుకున్నారు, ఈ కొండల రాయి గుల్చేరు క్వార్ట్‌జైట్ అయింది. దాని మీద పేరుకున్న సున్నపురాయి జాతి పొర పేరు వేంపల్లె. రెండూ 180 కోట్ల ఏళ్లు దాటినవే. అంటే ఆ పొద్దు నేను ఒక రాతి పేరు నుంచి ఇంకో రాతి పేరుకు, మధ్యలో అంతకన్నా పాత గ్రానైటు నేల మీద, కారు తోలుకుంటూ పోతున్నానన్నమాట. మంచులో ఏమీ కనపడనప్పుడు ఇట్లాంటివే తలకెక్కుతాయి.

రామాపురం దాటి పెద్దరోడ్డు దిగేసరికి మంచు మళ్లీ కమ్మింది, ఈసారి ఘాట్ మొదట్లో కన్నా ఎక్కువగా. వాతావరణ శాఖ లెక్కలో చూపు 50 మీటర్ల లోపే ఆగితే అది అతి దట్టమైన మంచు. పల్లెదారిలో కొలత అవసరం లేదు, కరెంటు స్తంభాలున్నాయి. ఒక స్తంభం పక్కన ఉన్నప్పుడు ముందరి స్తంభం కనిపిస్తే పోవచ్చు. అప్పుడు నాకు కనిపించడం లేదు. పైగా ఈ రోడ్లకు అంచు గీత ఉండదు. తారు ఎక్కడ అయిపోతుందో, వానలకు మెత్తబడ్డ మట్టి ఎక్కడ మొదలవుతుందో టైరు కింద మారే చప్పుడును బట్టి తెలుసుకోవాలి. మోరీల దగ్గర సున్నం కొట్టిన రాళ్లు ఉంటే అదృష్టం. ఫోన్‌లో మ్యాపు ముందే దింపుకుని ఉన్నాను. సిగ్నలు పోయినా రాబోయే మలుపు ఎడమకో కుడికో చెబుతుంది. దారి చూపించడానికి కాదు గానీ ఈ ఒక్క పనికి దానికి దండం పెట్టొచ్చు.

ఒక క్రాసు దగ్గర టార్చి వెలుతురు అడ్డంగా ఊగింది. ఇద్దరు కానిస్టేబుళ్లు, చెవులకు మఫ్లర్లు. ఎర్రచందనం ప్రపంచంలో తనంతట తాను పెరిగేది ఈ శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ చుట్టుపక్కలే. చీకట్లో, మంచులో, పల్లెదారిన ఒంటరి కారు పోతోందంటే వాళ్లు ఆపకపోతేనే వింత. డిక్కీ తెరిచి చూపించాను. స్టెప్నీ, నీళ్ల క్యాను, దుప్పటి, పాలకోవా పొట్లం.

"ఒక్కరే వచ్చినారా మేడమ్?"

"అవును సార్."

"యాడికి?"

"గండికి."

దైవదర్శనం అనేసరికి ఆయన గొంతు మెత్తబడింది. "నిదానంగా పోండి. ముందర రోడ్డు మీద ఉలవలు పోసినారు" అన్నాడు.

ఆ మాట చెప్పకపోయుంటే నాకు కష్టమయ్యేది. కోసిన ఉలవ కంపను రోడ్డు మీద పరిస్తే వచ్చేపోయే బండ్లు తొక్కి గింజ రాలుస్తాయి. కల్లం చేసుకునేంత చోటు, తొక్కించే ఎద్దులు ఇప్పుడెవరికున్నాయి? పట్నంలో వాళ్లు దీన్ని పెద్ద నేరంగా మాట్లాడతారు. నేను మాట్లాడను. నాకు పేచీ అల్లా ఆ రాళ్లతోనే. రాశి మీదికి బండి ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. మంచులో కంప మెత్తగా, నేల రంగులో కలిసిపోయి కనపడదు. రాయి కూడా అంతే. ఇంకో ప్రమాదం కూడా ఉంది: ఎండిన కంప బండి కింద చుట్టుకుని వేడి సైలెన్సరుకు తగిలితే అంటుకుంటుంది. అందుకని కంప మొదలవగానే దిగి టార్చి వేసుకుని ముందు నడిచి చూశాను. సగం రోడ్డు కంప, ఆ అంచున రాళ్లు, రాళ్ల అవతల టార్పాలిన్ కప్పిన రాశి. రాశి పక్కన నులక మంచం, మంచం మీద తలదాకా దుప్పటి కప్పుకుని ఒక మనిషి, కాళ్ల దగ్గర కుక్క. మంచం రెండు కోళ్లు తారు మీదే ఉన్నాయి. కుక్క లేచి మొరిగింది, మనిషి లేవలేదు. మిగిలిన సగం రోడ్డులో, తడి మట్టిలోకి ఎడమ చక్రాలు దింపి, మనిషి నడిచే వేగంతో దాటించాను.

వెలుతురు రావడం మొదలైనాక చూపేమీ పెరగలేదు, నలుపు తెలుపైంది, అంతే. ఊళ్లు కంటికి కాదు, చెవికి తగిలాయి. ఒక పక్క గుడి మైకులో తిరుప్పావై, కాసేపటికి ఇంకో దిక్కున మసీదు నుంచి అజాన్. ఆ మైకుల దూరం బట్టి ఊరు ఇంకెంత ఉందో, స్పీడ్ బ్రేకరు ఎప్పుడు రావచ్చో అంచనా కట్టుకున్నాను. పాటలు పెట్టుకోకుండా, పక్కన మాట్లాడే మనిషి లేకుండా రావడంలో ఉన్న లాభం ఇదే. ఇద్దరుంటే ఇవి వినం.

లక్కిరెడ్డిపల్లె దాటాక గొర్రెల మంద ఎదురొచ్చింది. ముందు గంటల చప్పుడు, తర్వాత వాసన, ఆ తర్వాతే గొర్రెలు. కారు ఆపేశాను. గొంగడి కప్పుకున్న తాత కిటికీ దగ్గరకొచ్చాడు.

"లైట్లు ఆర్పుమ్మా. లైటు దిక్కే వస్తాయి అవి."

ఆర్పాను. నిజంగానే, బానెట్ దగ్గర గుమిగూడినవి మెల్లగా రెండు పాయలుగా చీలి కారుకు ఇరుపక్కలా పోసాగాయి. ఒంటికి ఒళ్లు రాసుకుంటూ పోతుంటే బండి సన్నగా ఊగింది.

"యా ఊరుమ్మా నీది?"

"కడప తాతా."

"కడప నుంచి ఒక్కదానివే వస్తివా? మగోళ్లు లేరా ఇంట్లో?"

"ఉన్నారు. నిద్రపోతున్నారు."

తాత పెద్దగా నవ్వాడు. రాత్రి ఎవరి చేలోనో మంద కట్టారట, ఎరువు కోసం. పొద్దున్నే ఇంకో ఊరికి తోలుకుపోతున్నారు. ఈ మంచులో గొర్రెలు తప్పిపోవా అని అడిగితే, "అవెందుకు తప్పిపోతాయమ్మా, వాటికి మంచుందని తెలిస్తే కదా" అన్నాడు.

చక్రాయపేట మండలంలోనే సురభి. 1885లో ఒక నాటక సమాజం పుట్టి, ఈ ఊరి పేరునే తెలుగునాడంతా మోసుకెళ్లింది. స్టేజి మీద వాన కురిపించి, పొగ లేపి, మనుషుల్ని గాల్లో నడిపించి మూడు తరాల ప్రేక్షకులను నోరు తెరిపించిన వాళ్ల ఊరు చూద్దామని ఎన్నాళ్లుగానో ఉంది. ఆ రోజు కుదరలేదు. ఏ పైసా ఖర్చు లేకుండా దేవుడు లేపిన పొగలో ఊరు ఎటుందో కూడా తెలియలేదు.

గండి దగ్గరికి వచ్చేసరికి గాలి తగిలింది. పాపాఘ్ని ఎక్కడో కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి, ఇక్కడ ఈ కొండలను నిలువునా కోసి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. ఆ కోసిన సందే గండి. సందులోంచి గాలి ఆడుతుండటంతో మంచు ముక్కలు ముక్కలుగా చిరిగి, ఒకసారి ఈ కొండ అంచు, ఒకసారి ఆ కొండ అంచు బయటపడుతున్నాయి. రాములవారు లంక నుంచి తిరిగొచ్చేటప్పుడు వాయుదేవుడు ఈ రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని ఇక్కడి కథ. అది అందరికీ కనపడదు, కనపడినవాళ్లు ఎక్కువ రోజులు బతకరు. మద్రాసు గవర్నరు మన్రో దొరకు కనిపించిందని చెబుతారు. ఆయన 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోయాడు. అంతవరకూ చరిత్ర. తోరణం సంగతి గుడిలో ఎవరిని అడిగినా చెబుతారు. నేను కూడా కారు దిగి పైకి చూశాను, కాస్త భయంభయంగానే. మంచు, కొండ, ఒక గద్ద. తోరణం లేదు. అమ్మయ్య అనుకుని వీరాంజనేయస్వామి దర్శనానికి పోయాను. పూజారి గారు అప్పుడే తలుపులు తీశారు, నేనే మొదటి మనిషిని. కోవా సగం స్వామికి పెట్టాను.

వేంపల్లెలో ఎండ. కారు చూస్తే ఎడమవైపు అంతా ఎర్రమట్టి, బంపరు సందులో ఉలవ కంప, అద్దాల మీద గొర్రెల ముక్కుల తడి మచ్చలు. హోటల్లో ఎర్రకారం దోశ రెండు తిన్నాను. పక్క బల్ల మీద పులివెందుల వైపు పోయే ఒకాయన, మంచుకు బస్సు రాలేదని ప్రభుత్వాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాడు. నేను ఏ దారిన వచ్చానో చెబితే నమ్మలేదు. ఉలవ కంప చూపించాను.

తిరుగు ప్రయాణం పెండ్లిమర్రి మీదుగా, మంచి రోడ్డు మీద, పట్టపగలు. దాని గురించి రాయడానికేమీ లేదు.