గంటకు 20 ఎంఎల్ ఏ మూలకు?

"అంతేనా అమ్మా? గంటకు 20 ఎంఎల్ ఏ మూలకు?" అని మొన్న ఒక పెద్దాయన ఐసీయూ తలుపు దగ్గర నన్ను ఆపేశారు. లోపల వాళ్ళావిడ. కిడ్నీ ఇన్ఫెక్షన్ ముదిరి సెప్సిస్‌లోకి (ఇన్ఫెక్షన్‌కి ఒళ్ళంతా ఎదురుతిరిగి అవయవాలే దెబ్బతినే స్థితి) దిగింది, వెంటిలేటర్ మీద ఉంది, బీపీ నిలబెట్టడానికి నారడ్రినలిన్ వెళ్తోంది, ముక్కులోంచి పొట్టలోకి వేసిన రైల్స్ ట్యూబ్‌లో గంటకు 20 ఎంఎల్ ద్రవాహారం. ఆయన చేతిలో రాగిజావ ఫ్లాస్కు, సంచిలో కొబ్బరిబోండాలు. (ప్రేమతో తెచ్చారు, ఏమంటాం. కానీ మూత్రం సరిగ్గా రాని మనిషికి కొబ్బరినీళ్ళలోని పొటాషియం గుండె మీదికి తెస్తుంది.)

డైటీషియన్‌ని కాబట్టి ఈ ప్రశ్న రోజూ వింటాను. తిండి పడితే బలం, బలముంటే రోగం తగ్గుతుంది, అదీ ఆయన లెక్క. పూర్తిగా తప్పేం కాదు. సెప్సిస్‌లో ఒళ్ళు తన కండను తానే కరిగించుకుంటుంది, అందులోంచి వచ్చే గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లాన్ని (ప్రొటీన్‌లో ఒక ముక్క) తెల్లరక్తకణాలు ఇంధనంగా వాడుకుంటాయి. 2013లో బ్రిటన్‌లో ఐసీయూ పేషెంట్ల తొడ కండరాన్ని స్కాన్‌తో కొలిస్తే 10 రోజుల్లో దాదాపు 18 శాతం తగ్గిపోయింది. మరి ఆ గ్లుటమిన్ ఏదో మనమే ఇచ్చేస్తే పోలా అని డాక్టర్లకూ అనిపించింది. అదే ఏడాది రెడాక్స్ ట్రయల్‌లో, అవయవాలు దెబ్బతిన్న 1,200 మందికి పైగా పేషెంట్ల మీద పరీక్షిస్తే, గ్లుటమిన్ ఇచ్చినవాళ్ళలోనే చావులు ఎక్కువ! విటమిన్ సి కథా అంతే. 2022 నాటి లోవిట్ ట్రయల్‌లో, నరానికి విటమిన్ సి ఎక్కించినవాళ్ళలో చనిపోయినవాళ్ళూ అవయవాలు తేరుకోనివాళ్ళూ కలిపి 44.5 శాతం, ఎక్కించనివాళ్ళలో 38.5. ఇమ్యూనిటీ బూస్టర్ అనే మాట వింటే నాకు ఒళ్ళు మండేది ఇందుకే.

మొదటి రోజుల్లో మనం ఎంత పోసినా లివర్ చక్కెర తయారీ ఆపదు, ఇన్సులిన్ మాట ఒళ్ళు వినదు, షుగర్ బాగా పెరిగితే క్రిముల్ని మింగాల్సిన తెల్లకణాలే మందగిస్తాయి. పైగా బీపీ మందుల మీద ఉన్నప్పుడు పేగుకు రక్తం అంతంతమాత్రం, దానిమీద పూర్తి భోజనం మోపితే పేగే దెబ్బతినొచ్చు. అలాగని ఖాళీగా ఉంచితే పేగు లోపలి పొర పల్చబడుతుంది, మన రక్షణ కణాల్లో చాలా భాగం ఉండేది అక్కడే. ఆ 20 ఎంఎల్ ఆవిడ కోసం కంటే ఆవిడ పేగు కోసం అనుకోండి. రోజుకు 480 ఎంఎల్, దాదాపు 480 కేలరీలు, 60 కిలోల మనిషికి మామూలుగా లెక్కేసే 1,500లో మూడో వంతు. నిద్రకిచ్చే ప్రొపోఫాల్ ఉంటే, పాలలా ఉండే ఆ మందులోని కొవ్వు నుంచి ఎంఎల్‌కి 1.1 కేలరీ అదనం, చాలామంది లెక్కలో వేసుకోరు.

ఫ్రాన్స్‌లో 3,000 మందికి పైగా ఇలాంటి పేషెంట్లతో చేసి 2023లో ప్రచురించిన న్యూట్రిరియా-3 ట్రయల్ కూడా ఇదే చెప్పింది. మొదటి వారం కిలోకు 25 కేలరీల బదులు 6 మాత్రమే ఇచ్చినా మరణాల్లో తేడా లేదు, వాంతులు, విరేచనాలు తగ్గాయి, ఐసీయూ నుంచి కాస్త ముందే బయటపడ్డారు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను రెండోరోజుకే 1,500 అందించేసి చార్టులో గర్వంగా టిక్ పెట్టేదాన్ని. ఒకసారి పేషెంటు వాంతి చేసుకుని అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇంతా చేసి, మన టెన్షన్ అంతా తప్పు వారంలో పడుతోంది. గండం గడిచి ట్యూబ్ తీసేశాక, కరిగిపోయిన కండ తిరిగి రావాల్సినప్పుడు, ఎంత తిన్నారో అడిగే దిక్కుండదు.

ఆవిడ 9వ రోజు వార్డుకొచ్చింది. వెళ్ళి చూస్తే ప్లేట్‌లో రెండు ఇడ్లీలు, ఒకటి ముట్టనే లేదు. "ఆకలి లేదంటోందమ్మా" అన్నారు పెద్దాయన, ఫోన్ చూసుకుంటూ.

ఫ్లాస్కు ఏదండీ అన్నాను.

"ఇంటికి పంపించేశా. ఇక్కడ టిఫిన్ ఇస్తున్నారుగా!"