స్విండన్‌లో నా మొదటి ఓటు

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు కూడా బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయొచ్చని నాకు మూడేళ్ల పాటు తెలియదు. మేం 2021లో భీమవరం నుంచి ఇంగ్లండ్‌లోని స్విండన్ వచ్చాం. ఇంట్లో ఓటు హక్కు ఉన్నవాళ్లు ఎవరెవరో చెప్పమని ఏటా కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) నుంచి ఒక ఉత్తరం వచ్చేది. అది ఇక్కడి పౌరసత్వం ఉన్నవాళ్ల కోసం అనుకుని, కరెంటు బిల్లుల కింద పెట్టేసేదాన్ని.

2024 మే 22న అప్పటి ప్రధాని, కన్జర్వేటివ్ పార్టీ నాయకుడు రిషి సునాక్ డౌనింగ్ స్ట్రీట్‌లో తన అధికార నివాసం ముందు వానలో తడుస్తూ నిలబడి, జులై 4న ఎన్నికలని ప్రకటించారు. మర్నాడు ఆఫీసులో అందరి నోటా అదే మాట. నా పక్క సీటులో కూర్చునే గోవా అతను, "నీకు ఓటుంది, నాకు లేదు" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అతను నాకంటే ఎన్నో ఏళ్ల ముందు స్విండన్ వచ్చాడు. ఇల్లు కొనుక్కున్నాడు, పిల్లలు ఇక్కడే పుట్టారు. కానీ చాలామంది గోవా వాళ్లలాగే అతనిదీ పోర్చుగీసు పాస్‌పోర్టు. కౌన్సిల్ ఎన్నికల్లో వేయగలడు గానీ పార్లమెంటుకు వేయలేడు. ఇండియా కామన్వెల్త్ (ఎక్కువగా ఒకప్పుడు బ్రిటిష్ పాలనలో ఉన్న దేశాల కూటమి) దేశం కాబట్టి వీసా మీద వచ్చిన నాకు ఆ హక్కు ఉంది. ఆ మాట అంటున్నప్పుడు అతని గొంతులో అసూయ లేదు గానీ కొంచెం బాధ ఉంది. ఆ బాధ చూశాకే ఆ ఉత్తరాల విలువ తెలిసింది.

నమోదు చేసుకోవడం పెద్ద పని కాదు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పేరు, చిరునామా, పుట్టిన తేదీ, ఏ దేశస్థులం, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కట్టే సామాజిక భద్రతా చందా) నంబరు అడిగారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. గడువు జూన్ 18 అర్ధరాత్రి వరకు ఉంది. నేనూ మా ఆయనా జూన్ మొదటి వారంలోనే చేసేశాం. పది రోజుల్లో పోల్ కార్డులు (ఎక్కడ ఓటు వేయాలో చెప్పే కార్డులు) వచ్చాయి.

అమ్మకి ఫోన్ చేసి చెబితే, "మనూళ్లో వేయలేదు గానీ అక్కడ వేస్తావా?" అంది. నిజమే. మే 13న ఆంధ్రాలో పోలింగ్ జరిగినప్పుడు నేను వెళ్లలేకపోయాను. ఎన్ఆర్ఐ ఓటరుగా పేరు ఎక్కించుకున్నా సరే, స్వయంగా వెళ్లి బూత్‌లో నిలబడితేనే ఓటు. లీవు లేదు, టికెట్లు మండిపోతున్నాయి. ఊళ్లో నాన్న క్యూలో రెండు గంటలు నిలబడి వేసొచ్చి, సిరా వేలు ఫొటో పంపితే ఆ రోజంతా ఏదో వెలితిగా అనిపించింది.

ఓటైతే వచ్చింది, మరి ఎవరికి వేయాలి? ఇంటి దగ్గరైతే ఏ పార్టీ ఏమిటో పుట్టినప్పటి నుంచీ చెవిన పడుతూనే ఉంటుంది. ఇక్కడ మూడేళ్లుగా టీవీలో చూసిందే తప్ప ఏమీ తెలియదు. అందుకని కనిపించినవాళ్లనల్లా అడగడం మొదలుపెట్టాను. ఎవరికి వేస్తున్నారని అడగలేదు, అది మర్యాద కాదు. సునాక్ గురించి ఏమనుకుంటున్నారు, ప్రతిపక్ష లేబర్ పార్టీ నాయకుడు స్టార్మర్ ఎలాంటివాడు అని అడిగేదాన్ని. నెల రోజుల్లో నాకు తెలిసొచ్చింది ఒక్కటే: నాయకుడి గురించి అడిగితే ప్రతి మనిషీ తన ఇంటి సంగతి చెబుతున్నాడు.

మా పక్కింటి పెద్దాయనకి డెబ్బై దాటాయి. రిటైరయ్యే వరకు ఇక్కడి హోండా ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆ ఫ్యాక్టరీ 2021లో మూతపడింది. సాయంత్రం పూట మా రెండిళ్ల మధ్య ఉన్న పొట్టి గోడ మీద కూర్చుంటారు. కుడి కాలు చాపుకునే కూర్చోవాలి, మడిస్తే నొప్పి. సునాక్ గురించి అడిగితే ఆయన చొక్కా జేబులోంచి ఒక ఉత్తరం తీసి నా చేతిలో పెట్టారు. ఎన్నిసార్లు విప్పి మడిచారో, మడతల దగ్గర కాగితం చిరగడానికి వచ్చింది. మోకాలి ఆపరేషన్‌కి మీ పేరు వెయిటింగ్ లిస్టులో ఉంది, తేదీ తరవాత తెలియజేస్తాం అని అందులో ఉంది. ఉత్తరం వచ్చి పద్నాలుగు నెలలైంది. "వెయిటింగ్ లిస్టులు తగ్గిస్తానని మాటిచ్చాడు. నా కాలు చూడు" అన్నారు.

2023 జనవరిలో సునాక్ ఇచ్చిన అయిదు హామీల్లో అదొకటి. ఎన్నికల నాటికి ఇంగ్లండ్‌లో ఆసుపత్రుల వెయిటింగ్ లిస్టు 75 లక్షల పైనే ఉంది. అంత పెద్ద అంకె నాకు ఎప్పుడూ మనసుకి ఎక్కలేదు. ఆయన మోకాలు చూశాక ఎక్కింది.

జూన్ 6న ఫ్రాన్స్‌లోని నార్మండీలో డీ-డే (రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రసేనలు ఆ తీరంలో దిగిన రోజు) ఎనభయ్యో వార్షికోత్సవం జరిగింది. అంతర్జాతీయ సభకి ఉండకుండా సునాక్ ముందే వెనక్కి వచ్చేశారు, మర్నాడు క్షమాపణ చెప్పారు. మొదట్లో నాకది పెద్ద విషయంగా తోచలేదు. పెద్దాయన తండ్రి ఆ యుద్ధంలో ఉన్నారట. ఆ సాయంత్రం గోడ దగ్గర ఆయన మోకాలి మాటే ఎత్తలేదు. "ఆపరేషన్ ఆలస్యమైందంటే డబ్బులు లేవనుకుంటా. దీనికేం కారణం ఉంది?" అని మాత్రం అన్నారు. ఒక దేశంలో ఏ తప్పు జనం గుండెకి తగులుతుందో బయటి నుంచి వచ్చినవాళ్లకి పుస్తకాల్లో దొరకదు, పక్కింటివాళ్లే చెప్పాలి.

మా పాప స్కూల్ గేటు దగ్గర ఇంకో తల్లి పరిచయం. ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని పెంచుతోంది. ఆవిడకి సునాక్ మీద కోపం లేదు, అంతా సునాక్‌కి ముందు ప్రధానిగా ఉన్న లిజ్ ట్రస్ మీదే. 2022 సెప్టెంబరులో ట్రస్ ప్రభుత్వం పన్నులు తగ్గిస్తూ మినీ బడ్జెట్ పెట్టాక హోమ్ లోన్ వడ్డీలు ఒక్కసారిగా ఎగిరాయి. ఈవిడ పాత వడ్డీ గడువు సరిగ్గా ఆ తరవాతే ముగిసింది. నెలవారీ వాయిదా మూడు వందల పౌండ్లు పెరిగింది. "ద్రవ్యోల్బణం 11 శాతం నుంచి 2 శాతానికి దిగిందని సునాక్ చెబుతున్నాడు, నిజమే కావచ్చు. మా బీన్స్ డబ్బా ధర మాత్రం దిగలేదు" అంది. మరి స్టార్మర్? "తన తండ్రి పనిముట్లు చేసే కార్మికుడని ప్రతి ఇంటర్వ్యూలో చెబుతాడు. అంతకు మించి నాకేం గుర్తులేదు. అయినా ఆయనకే వేస్తా" అని తనంతట తానే చెప్పేసింది. నాయకుడి మీద ఇష్టంతో వేస్తున్నానని ఆ నెలంతా నాతో చెప్పినవాళ్లు ఇద్దరో ముగ్గురో, అంతే.

వాళ్లలో ఒకతను టాక్సీ డ్రైవరు. నైజెల్ ఫరాజ్ అంటే అభిమానం. ఫరాజ్ జూన్ 3న రిఫామ్ పార్టీ పగ్గాలు తీసుకుని, క్లాక్టన్‌లో పోటీ చేస్తున్నానన్నప్పటి నుంచి ఇతనికి పండగ. అత్యవసరం కాని వలసలన్నీ ఆపేయాలన్నది ఆ పార్టీ మాట. వెనక సీటులో నేను కూర్చుని ఉండగా ఆ మాట చెప్పి, అద్దంలో నన్ను చూసి, "నీలా పనిచేసుకునేవాళ్ల గురించి కాదు" అన్నాడు. నాకు మనసు చివుక్కుమంది. ఆ మాటని మంచితనంగానే అన్నాడు, అదే ఇంకా కష్టంగా ఉంది. ఊరుకోకుండా ఎందుకలా అనుకుంటున్నారని అడిగాను. ఆయన కూతురికి ఇరవై ఏడేళ్లు, ఇంకా అమ్మానాన్నల ఇంట్లోనే చిన్నప్పటి గదిలో ఉంటోంది. అద్దెలు భరించలేదు, కౌన్సిల్ ఇంటికి పేరు రాయించుకుంటే పిలుపు రాదు. జనం పెరిగారు, ఇళ్లు పెరగలేదు అన్నది ఆయన లెక్క. ఏళ్ల తరబడి సరిపడా ఇళ్లు కట్టకపోతే తప్పు వచ్చినవాళ్లది ఎలా అవుతుందని అడిగాను. "కావచ్చు" అన్నాడు. అభిప్రాయం మారలేదు. దిగేటప్పుడు మాత్రం మా పాప వయసెంతని అడిగాడు. ఆయన మాటతో నేనిప్పటికీ ఏకీభవించను, కానీ ఆ అమ్మాయి గది నా కళ్ల ముందు నిలిచిపోయింది.

తెలుగువాళ్ల సంగతి వేరు. శనివారం బ్యాడ్మింటన్ అయ్యాక ఎవరో ఒకరింట్లో భోజనాలు, అక్కడ ఎన్నికల చర్చ. 2022 దీపావళి రోజున సునాక్ పార్టీ నాయకుడిగా ఎన్నికైనప్పుడు మేమంతా స్వీట్లు పంచుకున్నవాళ్లమే. ఆ గర్వం ఇంకా కొందరిలో ఉంది. మిగతావాళ్లు వీసా లెక్కలు తీశారు. 2024 ఫిబ్రవరిలోనే వీసాతో కట్టే ఆరోగ్య సర్‌చార్జీ పెద్దవాళ్లకి ఏడాదికి 624 పౌండ్ల నుంచి 1,035కి పెంచారు. మార్చిలో మా వీసా పొడిగింపు వచ్చింది. మా ఇద్దరికీ, పాపకి 776 చొప్పున కలిపి మూడేళ్లకి 8,538 పౌండ్లు ఒకేసారి కట్టాం. జీతంలోంచి పోయే పన్నులు కాక ఇది. మా పిన్ని కూతురు కేర్ వర్కర్ వీసాకి అన్నీ సిద్ధం చేసుకుని, మార్చి 11 నుంచి భర్తనీ పిల్లల్నీ తీసుకురావడానికి లేదని తెలిసి మానుకుంది. తన పిల్లాడికి నాలుగేళ్లు.

అన్నట్టు ఆ ఎన్నికల్లో మనవాళ్లు కూడా నిలబడ్డారు. నార్త్ బెడ్‌ఫర్డ్‌షైర్‌లో ఉదయ్ నాగరాజు లేబర్ తరఫున, స్టోక్-ఆన్-ట్రెంట్ సెంట్రల్‌లో డాక్టర్ చంద్ర కన్నెగంటి కన్జర్వేటివ్ తరఫున. ఇద్దరూ గెలవలేదు గానీ, వాట్సాప్ గ్రూపుల్లో ఊళ్ల పేర్లతో సహా వాళ్ల గురించే.

జూన్ 4 మర్చిపోలేని రోజు. పొద్దున్నే ఆంధ్రా ఫలితాలు చూస్తూ ఆఫీసు పని చేశాను. రాత్రి తొమ్మిదికి సునాక్, స్టార్మర్ మొదటి టీవీ చర్చ. లేబర్ వస్తే ఒక్కో కుటుంబం మీద 2,000 పౌండ్ల పన్ను పడుతుందని సునాక్ పదేపదే అన్నారు. స్టార్మర్ దాన్ని గట్టిగా కాదనడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడుతుంటే నాకు ఏమీ తేలలేదు. అందుకే మేనిఫెస్టోలు తెచ్చుకుని చదివాను, రాత్రి పాప పడుకున్నాక. నేషనల్ ఇన్సూరెన్స్‌ని ఇంకో 2 శాతం తగ్గిస్తామని, పద్దెనిమిదేళ్లవాళ్లకి నేషనల్ సర్వీస్ పెడతామని కన్జర్వేటివ్‌లు. వారానికి 40,000 అదనపు ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య సేవ) అపాయింట్‌మెంట్లు, ప్రైవేటు స్కూలు ఫీజుల మీద వ్యాట్, ఆ డబ్బుతో 6,500 మంది టీచర్లు అని లేబర్. లిబరల్ డెమొక్రాట్ నాయకుడు ఎడ్ డేవీ ప్రచారంలో నీళ్లలో పడటం చూసి అందరూ నవ్వారు గానీ, వికలాంగుడైన కొడుకుని చూసుకోవడం గురించి ఆయన మాట్లాడిన వీడియో చూసి నేను ఏడ్చాను. వృద్ధుల సంరక్షణ గురించి అంత సూటిగా మాట్లాడినవాళ్లు ఇంకెవరూ కనిపించలేదు.

నా వీసా గురించి, సర్‌చార్జీ గురించి వెతికాను. అధికారంలోకి వచ్చే అవకాశం ఉన్న రెండు పార్టీలూ వలసలు తగ్గిస్తామనే రాశాయి. అక్కడ నాకు ఎంచుకోవడానికి ఏమీ లేదు. రెండు రోజులు చాలా నిరాశగా అనిపించింది. మా ఆయన, "మన కోసం ఎవరూ ఏమీ అననప్పుడు ఇక్కడున్నవాళ్ల కోసం వేద్దాం" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఆ తరవాత ఆలోచన తేలికైంది. పక్కింటాయన మోకాలికి, ఆ డ్రైవరు కూతురికి, మా పాప స్కూలుకి ఎవరి వల్ల మేలు జరగొచ్చు అని చూసుకున్నాను. ఎవరికి వేశానో మాత్రం రాయను. మా నాన్న నలభై ఏళ్లుగా ఓటు వేస్తున్నారు, అమ్మకి కూడా చెప్పలేదు. నాకూ అదే అలవాటు.

జులై 4 గురువారం, సెలవు లేదు. పోలింగ్ పొద్దున ఏడు నుంచి రాత్రి పది వరకు. ఏడున్నరకి దగ్గర్లోని చర్చి హాలుకి వెళ్లాను. పోలీసులు లేరు, జెండాలు లేవు, గుమ్మం పక్కన ఒక కుక్క యజమాని కోసం కూర్చుని ఉంది. ఇంగ్లండ్‌లో సార్వత్రిక ఎన్నికలకి ఫొటో గుర్తింపు అడగడం అదే మొదటిసారి. కామన్వెల్త్ దేశాల పాస్‌పోర్టు చెల్లుతుందని ముందే చూసుకున్నా, నీలం పాస్‌పోర్టు తీసి ఇచ్చేటప్పుడు గుండె దడదడలాడింది. ఆవిడ ఫొటోకేసి, నా మొహంకేసి చూసి, జాబితాలో నా పేరు పక్కన స్కేలు పెట్టి గీత గీసి, నవ్వుతూ కాగితం చేతికిచ్చింది. చేతిలో సిరా లేదు, ఎదురుగా మిషన్ లేదు. చెక్క అరలో దారంతో కట్టిన పెన్సిల్ ఉంది.

అక్కడ ఒక్క క్షణం ఆగిపోయాను. నచ్చిన పేరు ఎదురుగా ఇంటూ గుర్తు పెట్టాలి. చిన్నప్పటి నుంచి నాకు ఇంటూ అంటే తప్పు. లెక్కల నోటుబుక్కులో మాస్టారు ఎర్ర పెన్నుతో కొట్టేసేది అదే. నాకు కావలసిన మనిషిని నేనే కొట్టేస్తున్నట్టు చెయ్యి వెనక్కి లాగింది. పైన రాసిన సూచన మళ్లీ చదువుకున్నాను. రెండు గీతలూ గట్టిగా, గడి దాటకుండా గీసి, మడిచి డబ్బాలో వేశాను. బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. "అయిపోయిందా? ఇప్పుడు సిరా వేలేదీ?" అంది.

రాత్రి పదికి ఎగ్జిట్ పోల్ వచ్చింది, లేబర్‌కి 410 సీట్లని. మా స్విండన్ సౌత్ ఫలితం దేశంలో మొట్టమొదట వచ్చినవాటిలో ఒకటి. మాజీ మంత్రి రాబర్ట్ బక్లండ్ ఓడిపోయి, లేబర్ నుంచి హైడీ అలెగ్జాండర్ గెలిచారు. తెల్లారేసరికి లేబర్‌కి 400 దాటాయి, కన్జర్వేటివ్‌లు 121 దగ్గర ఆగారు. లేబర్‌కి పడ్డ ఓట్లు చూస్తే 34 శాతం కూడా లేవు. రిఫామ్‌కి 14 శాతం ఓట్లు వచ్చి అయిదే సీట్లు. ఓటు వేసినవాళ్లు వందకి అరవై మందే. మా ఆంధ్రాలో ఎనభై దాటింది. ఆ మిగతా నలభై మంది గురించి, నా ఆఫీసులో గోవా అతని గురించి ఆ రోజంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

సాయంత్రం గోడ దగ్గర పెద్దాయన కూర్చుని ఉన్నారు. మొదటి ఓటు వేశావట కదా అని చెయ్యి కలిపారు. ఆయనా వేశారు, కర్ర పట్టుకుని నడిచి వెళ్లి. ఉత్తరం ఇంకా జేబులోనే ఉంది. ఆ సెప్టెంబరులో ఆపరేషన్‌కి తేదీ ఇచ్చారు, నవంబరు 19.