గొంతులు వినపడే రోగిని అంచనా వేయడం: ఒక నర్సుగా నా అనుభవం

"మీకు గొంతులు వినపడుతున్నాయా?" అని అడిగి, అవునంటే గడిలో టిక్కు పెట్టేయడం అంచనా కాదు. నేను ముందు నిద్ర, తిండి సంగతి అడుగుతాను. ఆ తర్వాత, "పక్కన ఎవరూ లేకపోయినా కొందరికి మాటలు వినపడుతుంటాయి, మీకెప్పుడైనా అలా అయిందా?" అంటాను. ఆ "కొందరికి" అన్న మాటతోనే చాలామందికి బెరుకు తగ్గుతుంది. ఇంటివాళ్లు పక్కనుంటే జవాబులు వాళ్లే చెప్పేస్తారు కాబట్టి వాళ్లతో విడిగా మాట్లాడతాను.

ఎన్ని గొంతులు, ఎవరివి, తలలోంచా బయటినుంచా, రోజుకెన్నిసార్లు, ఎంతసేపు? నేరుగా "నువ్వు" అంటుందా, ఇద్దరు ముగ్గురు కలిసి ఈ మనిషి గురించి చెప్పుకుంటున్నారా? గొంతులు, భ్రమల తీవ్రతను కొలిచే సైరాట్స్ (PSYRATS) స్కేలులో గొంతుల భాగానికి 11 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. వారాల తేడాతో పోల్చి చూడటానికి బాగా పనికొస్తుంది. మొత్తం మార్కులను చూసి మాత్రం ప్రమాదాన్ని తేల్చకూడదు. రోజుకొక్కసారే, గుసగుసగా "చచ్చిపో" అనే గొంతుకు ఎక్కువ మార్కులు పడవు.

అందుకే ఎక్కువ సమయం గొంతు ఇచ్చే ఆదేశాల మీదే పెడతాను. ఏం చేయమంటోంది? ఎప్పుడైనా చేశారా? చేయకపోతే ఏమవుతుందంటోంది? ఆ గొంతు ఎవరిదని నమ్ముతున్నారు, కాదనగలరా? ఇలా సూటిగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. లొంగిపోయే సూచన కనిపిస్తే ఒంటరిగా వదలను, డాక్టరుకు అప్పుడే చెబుతాను. డ్యూటీ మారేదాకా ఆగే విషయం కాదది.

జ్వరం, నాడి, బీపీ, షుగరు చూడకుండా దీన్ని మనసు జబ్బు అనుకోవద్దు. తేదీ, చోటు తెలియక తికమకపడుతూ, పూటపూటకూ మారిపోతుంటే డెలీరియం, అంటే ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి వచ్చే తికమక కావచ్చు. రోజూ తాగేవాళ్లు మానేసిన మొదటి రెండు మూడు రోజుల్లోనూ గొంతులు రావచ్చు. గంజాయి, స్టెరాయిడ్ల సంగతి, చెవుడు ఉందేమో కూడా కనుక్కోవాలి. నిద్రలోకి జారేటప్పుడు మాత్రమే వినపడితే ఆ లెక్క వేరు.

"ఏమీ లేదు" అన్నవాళ్లను ఇంకాస్త గమనిస్తాను. చెప్పొద్దని గొంతే బెదిరించి ఉండొచ్చు. చార్టులో "భ్రమలు ఉన్నట్టున్నాయి" అని రాయను. "జవాబుకు ముందు ఎడమవైపు చూశారు, పెదవులు కదిలాయి" అని చూసింది చూసినట్టు, రోగి అన్నది అన్నట్టు రాస్తాను.

"మీకూ వినపడుతోందా?" అని అడిగితే, "నాకు వినపడటం లేదు, మీకు వినపడుతోందని మాత్రం నమ్ముతున్నాను" అంటాను. వాదనకు దిగితే ఆ రోజుకు ఇంకేమీ చెప్పరు. చివరగా, ఏం చేస్తే గొంతు తగ్గుతోందో అడుగుతాను. కూనిరాగం, నడక, ఎవరితోనైనా మాట, ఏది చెప్పినా అదే కేర్ ప్లాన్‌లో మొదటి లైను.