నెల సగంలోనే అయిపోతున్న 200 జీబీ

నల్లగొండలో మా ఇంటికి నెట్ ఇచ్చేది కేబుల్ టీవీ నడిపే స్థానిక ఆపరేటరే. నెలకు 200 జీబీ వరకు మంచి వేగంతో వస్తుంది, అది దాటిన తరువాత నెలాఖరు దాకా 2 ఎంబీపీఎస్‌తో సరిపెట్టుకోవాలి. మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని 2023లో 512 కేబీపీఎస్ నుంచి 2 ఎంబీపీఎస్‌కు పెంచారు కనుక, పరిమితి దాటాక మాకు మిగిలేది సరిగ్గా ఆ గీత మీద నిలబడే బ్రాడ్‌బ్యాండ్ అన్నమాట. అపరిమిత ప్లాన్లు ఉన్న కాలంలో ఇదేమి కొలత అని పట్నంలో ఉన్న మా అన్న నవ్వుతాడు కానీ, రామగిరి వైపు మా గల్లీలోకి స్తంభాల మీదుగా వచ్చిన తీగ ఇదొక్కటే, పైగా చాలా కాలం ఆ 200 జీబీ మాకు సరిపోయింది కూడా. ఇంట్లో ఉండేది నలుగురం; పై పోర్షన్‌లో కిరాయికి ఉన్న కుటుంబం కూడా మా వైఫైనే వాడుకుంటుంది.

అలాంటిది, ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి నెల సగం కాకముందే వేగం పడిపోవడం మొదలైంది. వాడకంలో మాకు తెలిసిన మార్పు ఏదీ లేదు. 200 జీబీని 30 రోజులకు పంచితే రోజుకు 6.6 జీబీ పైచిలుకు వస్తుంది. నెట్‌ఫ్లిక్స్ తానే ప్రకటించిన లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకు 3 జీబీ వరకు, 4కేలో 7 జీబీ వరకు ఖర్చవుతుంది. మాది 4కే టీవీ కాదు, సాయంత్రం గంటసేపు ఏదైనా చూస్తే ఎక్కువ. ఫోన్లలో వార్తలు, వాట్సాప్, వీడియో కాల్స్ అన్నీ కలిపినా పరిమితి దాటవలసిన కారణం కనిపించలేదు.

ఇంట్లో మాత్రం తీర్పు అప్పటికే వచ్చేసింది. "పైనోళ్ల పిలగాడు రాత్రంతా ఆటలాడుతున్నడు, ఇంకెవరు వాడుతరు?" అన్నది మా ఇంటావిడ. ఆ అబ్బాయి రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్‌లో ఆడే మాట నిజమే. అయితే ఆన్‌లైన్ ఆట ఆడుతున్నప్పుడు ఫోను, సర్వరు ఒకదానికొకటి చెప్పుకునేవి ఎవరు ఎక్కడ ఉన్నారు, ఎవరు కాల్చారు అన్న చిన్న చిన్న సమాచారాలే. బొమ్మలన్నీ ముందే ఫోన్‌లో ఉంటాయి. అందువల్ల ఆట సాగుతున్న గంటలో ఖర్చయ్యే డేటా సాధారణంగా పదుల ఎంబీల్లోనే ఉంటుంది. ఆటను కొత్తగా దించుకున్నప్పుడో, పెద్ద అప్‌డేట్ వచ్చినప్పుడో ఒకటి రెండు జీబీలు పోవచ్చు కానీ అది రోజూ జరిగే పని కాదు. చూసేవాడి కంటే ఆడేవాడే ఎక్కువ డేటా వాడతాడన్న నమ్మకం ఎందుకు ఇంత బలంగా ఉందో నాకు అర్థం కాదు; బహుశా వాళ్లు చేసే చప్పుడు వల్ల కావచ్చు.

రౌటర్ పేజీ తెరిచి ఎవరెవరు కనెక్ట్ అయి ఉన్నారో చూడమని అందరూ చెబుతారు. బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొట్టి చూస్తే పరికరాల జాబితా వచ్చింది, కానీ దానివల్ల తేలినదానికంటే చిక్కుపడినదే ఎక్కువ. ఇంట్లో ఉన్న పరికరాల కంటే జాబితాలో పేర్లు ఎక్కువ కనిపించాయి. గల్లీలో ఎవరో పాస్‌వర్డ్ సంపాదించారని అనుకోవడానికి అది చాలు. అసలు సంగతి ఏమిటంటే, ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్‌ను, అంటే నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే గుర్తింపు సంఖ్యను దాచి, వైఫైకి ఒక కల్పిత అడ్రస్ చూపిస్తున్నాయి. ఫోన్‌లో ఆ వైఫైని తీసేసి మళ్లీ కలిపినా, ఫోన్‌ను రీసెట్ చేసినా ఒక్కోసారి కొత్త అడ్రస్ పుడుతుంది, పాతది జాబితాలో కొంతకాలం అలాగే ఉండిపోతుంది. కల్పిత అడ్రస్‌ను గుర్తుపట్టడానికి ఒక ఆనవాలు ఉంది: అడ్రస్‌లో రెండవ అక్షరం 2, 6, A, E లలో ఏదో ఒకటి అయి ఉంటుంది. ఆ ఆనవాలుతో చూస్తే మా జాబితాలోని అపరిచితులు చాలామంది మా ఫోన్లే అని తేలింది. ఇక మా రౌటర్ ఏ పరికరం ఎంత వాడిందో చెప్పే రకం కాదు. ఆపరేటర్లు ఇచ్చే మామూలు పెట్టెల్లో చాలావాటికి ఆ వసతి ఉండదు.

అందుకే ఎవరు అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ఎప్పుడు, ఏ దిక్కుకు అన్న రెండు ప్రశ్నలను ముందుకు తెచ్చాను. డేటా లోపలికి వస్తున్నదా, బయటకు పోతున్నదా. మేము మెలకువగా ఉన్నప్పుడా, నిద్రపోయాకా? ఈ రెండింటికీ జవాబు ఆపరేటర్ వెబ్ పేజీలోనే ఉంటుంది, కాకపోతే దాన్ని చదవడం తెలియాలి.

నెట్ సంస్థలు మన వాడకాన్ని రాసుకునే పద్ధతి పేరు రేడియస్. 2000లో ఖరారైన దాని ప్రమాణ పత్రం ప్రకారం లెక్కకు ఆధారం తేదీ కాదు, సెషన్. మన రౌటర్ లాగిన్ అయినప్పుడు సెషన్ మొదలవుతుంది, తెగినప్పుడు ముగుస్తుంది. ఆ మధ్యలో లోపలికి ఎన్ని బైట్లు, బయటకు ఎన్ని బైట్లు అన్నది రెండు గడుల్లో పడుతుంది. కరెంటు పోయినా నెట్ ఆగకూడదని రౌటర్‌కు చిన్న యూపీఎస్ తగిలించినందువల్ల మా సెషన్లు రోజుల తరబడి తెగవు. ఫలితంగా నాలుగైదు రోజుల వాడకమంతా ఒక్క తేదీ ఎదుట కనిపిస్తుంది. మిర్యాలగూడ నుంచి చుట్టాలు వచ్చిన రోజున ఏకంగా 38 జీబీ పడి ఉండడం చూసి పాపం వాళ్ల పిల్లల మీద నింద పడింది. నిజానికి వాళ్లు రావడానికి చాలా ముందు మొదలైన సెషన్ ఆ రోజు ముగిసింది, అంతే.

ఇంకొక తిరకాసు ఆ గడుల పేర్లలో ఉంది. మా ఆపరేటర్ పేజీలో అవి ఇన్‌పుట్, అవుట్‌పుట్ అని ఉన్నాయి. రేడియస్ లెక్కలో ఇన్‌పుట్ అంటే సంస్థ యంత్రంలోకి వెళ్లినది, అంటే మన ఇంటి నుంచి బయటకు పోయిన అప్‌లోడ్. అవుట్‌పుట్ అంటే మనకు వచ్చిన డౌన్‌లోడ్. మామూలుగా చదివితే తలకిందులుగా అర్థమవుతుంది. అనుమానం ఉన్నవారు పెద్ద వీడియో ఒకటి దించి, ఏ గడి పెరిగిందో చూస్తే తేలిపోతుంది. మరొక సంగతి చెప్పుకోవాలి. ఆ పద్ధతిలోని బైట్ల లెక్క 32 బిట్లది కనుక ప్రతి 4.29 జీబీకి ఒకసారి సున్నాకు వచ్చి మళ్లీ మొదలవుతుంది, ఎన్నిసార్లు తిరిగిందో వేరే గడిలో రాసుకోవాలి. ఆ రెండవ గడిని చదవని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే నష్టం సంస్థకే తప్ప మనకు కాదు కాబట్టి అందులోకి నేను లోతుగా పోలేదు.

సెషనే లెక్కకు హద్దు అయినప్పుడు ఆ హద్దును మనమే పెట్టుకోవచ్చు. పడుకునే ముందు రౌటర్ పేజీలో డిస్‌కనెక్ట్ నొక్కి మళ్లీ కనెక్ట్ చేయాలి, తెల్లవారి లేవగానే అదే పని మళ్లీ చేయాలి. అప్పుడు రాత్రి వాడకమంతా ఒక్క వరుసలో, సంస్థ సొంత పుస్తకంలోనే వేరుగా పడుతుంది. ప్లగ్గు పీకడం కంటే డిస్‌కనెక్ట్ నొక్కడమే మేలు, ఎందుకంటే కరెంటు తీసేస్తే మనం వెళ్లిపోయిన సంగతి అవతలి యంత్రానికి కొంత ఆలస్యంగా తెలుస్తుంది, సెషన్ ముగిసిన సమయం తేడా పడుతుంది. ఈ పద్ధతిలో నాకు నచ్చినది ఏమిటంటే, ఆపరేటర్ దగ్గరికి వెళ్లినప్పుడు మన అంకెలు వేరు, వాళ్ల అంకెలు వేరు అన్న వాదనకు చోటుండదు. "మీటరు మా చేతుల ఉండదు సార్, మీరు వాడినంతనే పడ్తది" అని కేబుల్ అబ్బాయి అన్న మాట నిజమేనని కూడా దీనివల్లనే తెలిసింది.

అందరూ నిద్రపోయిన రాత్రి వరుసలో డౌన్‌లోడ్ 100 ఎంబీ కూడా లేదు. అప్‌లోడ్ మాత్రం 3 జీబీ దాటింది. తరువాతి రాత్రుల్లోనూ కొద్ది తేడాలతో అదే తీరు. ఆట కాదు, సినిమా కాదు, వైఫై దొంగ కూడా కాదు, ఎందుకంటే వీళ్లందరూ తీసుకునేవారే తప్ప ఇచ్చేవారు కాదు. మా ఇంటి నుంచి ఏదో తెల్లవార్లూ బయటకు పంపుతూ ఉన్నది. చాలామంది డేటా అంటే డౌన్‌లోడ్ ఒక్కటే అనుకుంటారు. మా ప్లాన్‌లో మాత్రం రెండూ కలిపే లెక్క.

బయటకు పంపే గుణం ఉన్నవి ఇంట్లో కొన్నే. ఫోన్లలో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఒకటి, కానీ అది కొత్త ఫొటోలు ఉన్నప్పుడే పంపి ఆగిపోతుంది. విండోస్ కంప్యూటర్ తాను దించుకున్న అప్‌డేట్లను ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకు పంచే డెలివరీ ఆప్టిమైజేషన్ ఇంకొకటి. మా అమ్మాయి ల్యాప్‌టాప్ రాత్రిళ్లు మూసే ఉంటుంది. మిగిలింది గేటు మీద, ఎండాకాలానికి ముందే బిగించిన వైఫై కెమెరా. దాన్ని ఒక్క రాత్రి ఆపి చూస్తే అప్‌లోడ్ గడిలో అంకె కొన్ని ఎంబీలకు దిగిపోయింది.

కెమెరా ఎంత పంపుతుందో కాగితం మీద లెక్క వేస్తే మొదట నాకే నమ్మకం కలగలేదు. 1080పీ చిత్రాన్ని చాలా పొదుపుగా కుదించినా సెకనుకు 1 మెగాబిట్ దగ్గర ఉంటుంది. 1 ఎంబీపీఎస్ అన్నది వినడానికి ఎంతో చిన్న అంకె. కానీ ఎనిమిది బిట్లు ఒక బైటు కనుక, అది ఆగకుండా పోతే గంటకు 450 ఎంబీ, రోజుకు 10.8 జీబీ, నెలకు 324 జీబీ అవుతుంది. అంటే ఆ ఒక్క కెమెరా ఎవరి సాయమూ లేకుండా మా ప్లాన్‌ను నెలకు ఒకటిన్నర రెట్లు తినగలదు. పరిమితి దాటి వేగం 2 ఎంబీపీఎస్‌కు పడిపోయాక కూడా అది తన 1 ఎంబీపీఎస్ తాను తీసుకుంటూనే ఉంటుంది కనుక, మిగతా ఇంటికి నెట్ మరీ చచ్చినట్టు అనిపించడానికి అదీ ఒక కారణం కావచ్చు.

బిగించిన మనిషి దాన్ని ఎప్పుడూ రికార్డు చేసేలా పెట్టలేదు, కదలిక ఉన్నప్పుడు మాత్రమే క్లౌడ్‌కు, అంటే నెట్‌లో ఉండే నిల్వకు పంపేలా పెట్టి వెళ్లాడు. అది సరైన పనే. కాకపోతే గేటు పక్కన వేపచెట్టు ఉంది, దాని కొమ్మ ఒకటి చిత్రంలోకి వంగి ఉంది. ఎండాకాలపు గాలికి ఆ కొమ్మ ఊగిన ప్రతిసారీ కెమెరా దృష్టిలో అది మనిషి కదలికతో సమానం. రాత్రి పూట ఇంకొక తంటా. గేటు దీపానికి చేరిన పురుగులు కెమెరా ముందు ఎగిరితే, దాని ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో అవి తెల్లటి పెద్ద చారల్లా పడతాయి, మళ్లీ రికార్డు మొదలవుతుంది. యాప్‌లో రాత్రి క్లిప్పులు తెరిచి చూస్తే దొంగా లేడు, దొరా లేడు. అన్నీ ఆకులు, పురుగులు, అప్పుడప్పుడు గోడ దిగుతున్న పిల్లి.

మిర్యాలగూడలో మా బావ పనిచేసే రైస్ మిల్లులో ఇంతకు ఎన్నో రెట్లు కెమెరాలు ఉన్నాయి, అక్కడ నెట్ ఖర్చు దాదాపు లేదు. వాటి చిత్రాలన్నీ తీగల మీదుగా అక్కడే ఉన్న డీవీఆర్ అనే రికార్డింగ్ పెట్టె హార్డ్ డిస్క్‌లోకి పోతాయి. ఎవరైనా బయట నుంచి ఫోన్‌లో చూసినప్పుడు మాత్రమే నెట్ కదులుతుంది. కెమెరా కొనేటప్పుడు చిత్రం ఎంత స్పష్టంగా ఉంటుందని అందరూ అడుగుతారు, చిత్రం ఎక్కడికి పోతుందని అడిగేవారు తక్కువ.

దిద్దుబాటుకు పెద్ద పని పట్టలేదు. కెమెరాలో 128 జీబీ మెమరీ కార్డు వేసి రికార్డింగ్‌ను దానిలోకి మళ్లించాను. 1 ఎంబీపీఎస్ లెక్కన ఆగకుండా రాసినా సుమారు 11 రోజుల చిత్రం పడుతుంది, ఆ తరువాత పాతదాని మీద కొత్తది రాసుకుంటుంది. కెమెరానే ఎత్తుకుపోతే కార్డు కూడా పోతుంది కనుక క్లౌడ్‌ను పూర్తిగా ఆపలేదు. కదలికను గమనించే భాగాన్ని గేటు, మెట్ల వరకు కుదించి, చెట్టున్న మూలను వదిలేసి, సున్నితత్వం ఒక మెట్టు తగ్గించాను. చిత్రాన్ని కుదించే పద్ధతిని హెచ్.264 నుంచి హెచ్.265కు మార్చడం వల్ల అదే స్పష్టతకు సుమారు సగం డేటా సరిపోతుంది. కొమ్మను కూడా కొట్టించాము.

రాత్రి అప్‌లోడ్ దిగిపోయాక పగటి వరుసల్లో ఇంకొక చిన్న చిల్లు కనిపించింది, ఈసారి డౌన్‌లోడ్ గడిలో. నెట్ నుంచి ఛానళ్లు, సినిమాలు చూపడానికి టీవీకి తగిలించిన స్టిక్‌లో మా నాన్న వార్తా ఛానల్ పెట్టుకుని, నిద్ర రాగానే టీవీ రిమోట్‌తో టీవీని ఆపేస్తాడు. తెర నల్లబడుతుంది కానీ స్టిక్‌కు ఆ సంగతి చేరదు, ఛానల్ లోపల నడుస్తూనే ఉంటుంది. సినిమా యాప్‌లు కొంతసేపటికి ఇంకా చూస్తున్నారా అని అడిగి ఆగుతాయి, ప్రత్యక్ష ప్రసారాలకు ఆ అలవాటు తక్కువ. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ అనేది ఆన్ చేస్తే టీవీతో పాటు స్టిక్ కూడా నిద్రపోతుంది. మా టీవీలో దానికి తయారీదారు వేరే పేరు పెట్టినందువల్ల వెతకడానికి కొంత సమయం పట్టింది.

ఇప్పుడు నెలాఖరుకు 200 జీబీలో కొంత మిగులుతున్నది. ఇంట్లోని పరికరాలు చెప్పే అంకెలన్నీ కూడితే ఆపరేటర్ చూపే అంకె కంటే ఇంకా కొద్దిగా తక్కువే వస్తున్నాయి. అందులో కొంత, విండోస్ 1024 లెక్కన కొలిచే జీబీకి, 1000 లెక్కన కొలిచే జీబీకి మధ్య ఉన్న 7 శాతం పైచిలుకు తేడా. ఇంకొంత, ప్రతి ప్యాకెట్‌తో పాటు పోయే చిరునామా భాగాల బరువు. ఆ తేడా నెల నెలా ఒకే తీరుగా ఉంటున్నది కాబట్టి దాని జోలికి పోలేదు.