జిప్సీని గుండ్లెక్కే బండిగా మార్చడం: అనంతపురం షెడ్డు పని పుస్తకం

బండి మారుతీ జిప్సీ కింగ్, 1298 సీసీ ఎంపీఎఫ్ఐ (పెట్రోలుని ఎలక్ట్రానిక్‌గా చిమ్మే) ఇంజను, 80 హార్స్ పవర్. వీల్‌బేస్ 2375 మి.మీ., బరువు ఒక టన్నుకి అటూ ఇటూ. నిచ్చెన ఆకారపు ఛాసిస్ (అడుగు చట్రం), ముందూ వెనకా గట్టి యాక్సిళ్లు (ఇరుసులు), నాలుగు మూలలా కమాన్లు (ఉక్కు పట్టీల కట్టతో చేసిన స్ప్రింగులు). ఇంజను బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అతుక్కోకుండా విడిగా ఉంటుంది. ఇంట్లో చేసే పనికి ఇంతకంటే అనువైన బండి మన దేశంలో లేదనే నా నమ్మకం. బరువు తక్కువ కాబట్టి విరిగే సామాన్లూ తక్కువే.

అనంతపురం చుట్టుపక్కల గుట్టల్లో ఉన్నవి ఏళ్ల తరబడి అరిగి గుండ్రబడిన గ్రానైట్ గుండ్లు. రాయి గరుకుగానే ఉంటుంది, టైరు బాగా పడుతుంది. కష్టమంతా రాయి మీద రాలిన ముతక ఇసుకతో. టైరు ఒక్క చుట్టు వృథాగా తిరిగితే చాలు, ఆ ఇసుక గోలీల్లా దొర్లి బండిని పక్కకి జార్చేస్తుంది. అందుకే ఈ బండికి బలం కంటే నిదానం ముఖ్యం.

ముందే ఒక మాట. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి ఈ బండి రోడ్డెక్కదు. లారీ మీద ఎక్కించుకుని వెళ్లాలి, సొంత పొలంలోనో యజమాని ఒప్పుకున్న పాత క్వారీలోనో దించాలి. రిజర్వు ఫారెస్టు గుట్టల జోలికి పోకూడదు.

1వ వారం: లెక్కలు

చాలామంది ముందు బండి ఎత్తు పెంచి, తర్వాత టైర్లు వేసి, చివరికి గేర్ల గురించి ఆలోచిస్తారు. లెక్క దీనికి తలకిందులుగా చేయాలి. గేర్‌బాక్సు ఫస్టు గేరు నిష్పత్తిని ట్రాన్స్‌ఫర్ కేసు లో-రేంజి (నిదానం గేరు) నిష్పత్తితో, ఆ వచ్చినదాన్ని క్రౌన్-పీనియన్ (షాఫ్టు తిరుగుడుని చక్రాలకి మళ్లించే గేర్ల జత) నిష్పత్తితో గుణిస్తే వచ్చేదే పాకే నిష్పత్తి, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను తిరిగే చుట్లు. జిప్సీకి తోబుట్టువైన సుజుకి సమురాయ్‌లో 3.652 × 2.268 × 3.727 అంటే దాదాపు 30.9. మీ బండి క్రౌన్-పీనియన్ ఏదో ఊహించొద్దు, డిఫరెన్షియల్ (ఆ గేర్లుండే యాక్సిల్ మధ్య గుండు) విప్పినప్పుడు పళ్లు లెక్కపెట్టండి. క్రౌన్‌కి 41, పీనియన్‌కి 11 ఉంటే 3.727.

ఇప్పుడు దీన్ని వేగంలోకి మార్చాలి. ఐడిలింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజను వేగం) 800 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 800 చుట్లు అనుకుంటే చక్రం నిమిషానికి 26 చుట్లు తిరుగుతుంది. కంపెనీ టైరు 205/70 ఆర్15 వ్యాసం 668 మి.మీ., అంటే గంటకి 3.3 కి.మీ. వేగం. అదే 31 అంగుళాల టైరు వేస్తే వ్యాసం 787 మి.మీ. అవుతుంది, వేగం 3.8కి పెరుగుతుంది. కాలు యాక్సిలరేటర్ మీద పెట్టకుండానే బండి రాయిని గుద్దే వేగం అది. బ్రేకు తొక్కితే ఇంజను ఆగిపోతుంది, క్లచ్ జారిస్తే ప్లేటు కాలిపోతుంది. పెద్ద టైరు వేసినప్పుడు ట్రాన్స్‌ఫర్ కేసులో 4.16 లో-రేంజి గేర్లు వేయాల్సింది ఇందుకే. అప్పుడు పాకే నిష్పత్తి 56 దాటుతుంది, ఐడిలింగ్‌లో వేగం గంటకి 2.1 కి.మీ.కి దిగుతుంది. డబ్బు ఒక్కచోటే పెట్టగలిగితే ఇక్కడే పెట్టండి. గేర్ల కిట్టు విదేశాల నుంచి తెప్పించాలి. మిగతా సీళ్లు, బేరింగులు, క్రాసులు (షాఫ్టు చివర వంగే కీళ్లు) బెంగళూరు జేసీ రోడ్డులో దొరికాయి.

2 నుంచి 4 వారాలు: కమాన్లు యాక్సిల్ మీదికి

కంపెనీ నుంచి వచ్చినప్పుడు కమాను యాక్సిల్ కింద ఉంటుంది. దాన్ని పైకి మారుస్తే ఛాసిస్ లేస్తుంది. ఎంత లేస్తుందంటే యాక్సిల్ గొట్టం మందం, కమాను కట్ట మందం, కొత్త దిమ్మె (కమాను కూర్చునే పీట) ఎత్తు కలిపినంత. ఈ బండికి 135 మి.మీ. వచ్చింది. ఇక్కడ ఒక అపోహ ఉంది. కమాన్లు పైకి మారిస్తే డిఫరెన్షియల్ గుండు కింద ఖాళీ ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. దాన్ని పెంచేది టైరే: 787 లోంచి 668 తీసేసి సగం చేస్తే 59.5 మి.మీ. మరి ఈ మార్పు వల్ల లాభం ఏమిటంటే, ఇదివరకు యాక్సిల్ కింద వేలాడుతూ ప్రతి రాయికీ తగులుకునే కమాను కట్ట, దాన్ని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టుల ప్లేటు ఇప్పుడు పైకి వెళ్లిపోతాయి. గొట్టం కింద నున్నగా ఉంటుంది.

షెడ్డు నేల తాడిపత్రి బండలు. కొలతలకి అంతకంటే మంచి నేల ఉండదు, కానీ రెండు జాగ్రత్తలు కావాలి. జాకీ స్టాండు కాళ్ల కింద 50 మి.మీ. మందం చెక్క వేయాలి, లేకపోతే బరువంతా ఒక్క చోట పడి బండ పగులుతుంది. గ్యాస్ కటింగ్ మంట నేరుగా తగిలితే బండ పెచ్చు లేచి ముఖానికి తగులుతుంది. కింద ఇనుప రేకు పరవాలి.

పాత దిమ్మెల్ని గ్రైండర్‌తో కోయాలి. గొట్టం వరకూ కోయకుండా ఒక మిల్లీమీటరు వదిలి, దాన్ని ఫ్లాప్ వీల్‌తో (గరుకు కాగితపు చక్రంతో) నున్నగా చేయాలి. గొట్టానికి గాటు పడితే రేపు అక్కడే చీలుతుంది. కొత్త దిమ్మెలు 6 మి.మీ. ప్లేటుతో, కమాను వెడల్పుకి సరిపడా, సెంటర్ బోల్టుకి రంధ్రంతో లేత్ షాపులో చేయించాం. వాటిని వెంటనే పూర్తిగా అతికించకూడదు. నాలుగు చోట్ల చిన్న ట్యాకులు (తాత్కాలిక చుక్క అతుకులు) మాత్రం పెట్టి, యాక్సిల్ బండికి కట్టి, టైర్లు వేసి, బండి బరువంతా దాని మీద దించి, అప్పుడు కోణాలు చూడాలి.

వెనక యాక్సిల్లో పీనియన్ ఫ్లాంజి (షాఫ్టు బిగించే పళ్లెం), ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజి ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. నిజానికి పీనియన్‌ని ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచే పెట్టాలి, ఎందుకంటే లోడు పడినప్పుడు కమాను మెలి తిరిగి పీనియన్ ముక్కు పైకి లేస్తుంది. ముందు యాక్సిల్లో రెండు అవసరాలు పోట్లాడుకుంటాయి. పీనియన్‌ని షాఫ్టు వైపు ఎత్తితే క్యాస్టర్ (చక్రం పక్కకి తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం) తగ్గుతుంది. క్యాస్టర్ 3 డిగ్రీల కంటే తగ్గితే తిప్పిన స్టీరింగు తిరిగి నిటారుకి రాదు. ఇక్కడ స్టీరింగునే గెలిపించాలి, షాఫ్టు కోణం కొంచెం ఎక్కువైనా ఓర్చుకోవాలి. కోణం చూడటానికి ఫోనులోని రసమట్టం చాలు, కాకపోతే ప్రతిసారీ ఒకే ముఖం మీద పెట్టి రెండుసార్లు చూడండి.

ఇక వెల్డింగ్. నూనె తీసేసి, హాఫ్ షాఫ్టులూ (గొట్టం లోపల చక్రాల్ని తిప్పే కడ్డీలు) ఆయిల్ సీళ్లూ బయటికి లాగేయాలి, వేడికి సీలు రబ్బరు గట్టిపడిపోతుంది. 7018 రకం వెల్డింగ్ రాడ్డు, 3.15 మి.మీ., డీసీ పాజిటివ్ (రాడ్డు పాజిటివ్‌కి), 115 నుంచి 125 ఆంపియర్లు. ప్యాకెట్ విప్పిన రాడ్లు నాలుగు గంటల్లో వాడేయాలి. తేమ పట్టిన రాడ్డుతో వేసిన అతుకు పైకి నున్నగానే కనిపిస్తుంది, లోపల సన్నటి పగుళ్లు వస్తాయి. ఒక్కో అతుకు 25 మి.మీ. మించకుండా, ఎడమ దిమ్మె ముందు వైపు, కుడి దిమ్మె వెనక వైపు, అలా మార్చి మార్చి వేయాలి. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే తర్వాతి అతుకు. నీళ్లు చల్లకూడదు. తొందరపడి ఒకే పక్క మొత్తం లాగిస్తే గొట్టం అరటికాయలా వంగుతుంది, హాఫ్ షాఫ్టు తిరిగేటప్పుడు పట్టేస్తుంది, చక్రం బేరింగు త్వరగా అరుగుతుంది. వెల్డింగ్‌కి ముందూ తర్వాతా రెండు చివర్ల ఫ్లాంజీల మధ్య బిగువుగా దారం కట్టి, గొట్టానికీ దారానికీ మధ్య దూరం మూడు చోట్ల రాసుకోండి. ఈ బండి వెనక యాక్సిల్లో తేడా అర మిల్లీమీటరు లోపే వచ్చింది.

ఛాసిస్ మీద వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీయాలి, ఈసీయూ (ఇంజనుని నడిపే కంప్యూటరు) కనెక్టరు ఊడదీయాలి, ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పెట్టాలి. లేకపోతే కరెంటు బేరింగుల గుండా పోయి గుంటలు పెడుతుంది. సాయంత్రం ఇంటి లైన్లో వోల్టేజి పడిపోతే ఆర్క్ తడబడి స్లాగు (రాడ్డు పూత కరిగిన చిట్టెం) అతుకు లోపల చిక్కుతుంది. అందుకే ముఖ్యమైన అతుకులన్నీ పొద్దున ఆరింటికే వేశాం. ఎండాకాలం రేకుల షెడ్డులో ఆ తర్వాత ఎలాగూ నిలబడలేం.

5వ వారం: స్టీరింగు, షాఫ్టులు, బ్రేకులు

ఛాసిస్ లేవగానే డ్రాగ్ లింక్ (స్టీరింగు బాక్సు నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు) ఏటవాలుగా దిగుతుంది. చక్రం గుంతలో పడిన ప్రతిసారీ స్టీరింగు దానంతటదే తిరుగుతుంది. చాలామంది జడ్ ఆకారంలో వంచిన రాడ్డు వేస్తారు. అది వద్దు. వంపు ఉన్న రాడ్డు మీద బలం పడితే ఆ వంపు ఇంకా వంగుతుంది, సరిగ్గా చక్రం రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడే. నకిల్ (ముందు చక్రం పక్కకి తిరిగే కీలు) మీద ఎత్తయిన ఆర్ములు బిగించి, రెండు చక్రాల్నీ కలిపే టై రాడ్డునీ డ్రాగ్ లింకునీ కమాన్ల పైనుంచి తీసుకెళ్లడమే సరైన పద్ధతి. రెండు రాడ్లూ మందపాటి సీమ్‌లెస్ గొట్టంతో, టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగిన తేడా) 2 మి.మీ.తో కట్టాం.

ట్రాన్స్‌ఫర్ కేసు నుంచి యాక్సిళ్లకి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టులు పొడవు చేయించాలి. లేత్ షాపులో చెప్పాల్సింది రెండే: రెండు చివర్ల యోకులు (క్రాసుని పట్టుకునే చీలికలు) ఒకే తలంలో ఉండాలి, బ్యాలెన్సింగ్ చేయాలి. యోకులు పక్కకి తిరిగి అతుక్కుంటే బండి ఒణుకుతూనే ఉంటుంది, క్రాసులు ఎన్ని మార్చినా ప్రయోజనం ఉండదు. చక్రాలు పూర్తిగా వేలాడేసినప్పుడు స్ప్లైన్ (షాఫ్టు సాగేందుకు ఉన్న పళ్ల కడ్డీ) కనీసం 40 మి.మీ. లోపల మిగలాలి.

ట్రాన్స్‌ఫర్ కేసు మూడు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. 4.16 గేర్లు వేశాక ఆ మూడూ చాలవు. కేసు మెలి తిరిగి మౌంటు చెవి విరుగుతుంది. ఛాసిస్ నుంచి నాలుగో మౌంటు కట్టాం, అదీ రబ్బరుతోనే. గట్టి ఇనుముతో బిగిస్తే ఛాసిస్ మెలి తిరిగినప్పుడు కేసే పగులుతుంది.

బ్రేకు హోసులు మూడూ పొడుగువి వేయాలి. ఒక చక్రం పూర్తిగా వేలాడుతూ, స్టీరింగు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు కూడా హోసు బిగుసుకోకూడదు. వెనక యాక్సిల్‌కి లోడు సెన్సింగ్ వాల్వు ఉన్న బండ్లలో దాని బ్రాకెట్టునీ 135 మి.మీ. దించాలి. లేదంటే బండి ఖాళీగా ఉందనుకుని వాల్వు వెనక బ్రేకుల్ని తగ్గించేస్తుంది. డిఫరెన్షియల్ బ్రీదర్లకి (గాలి రంధ్రాలకి) గొట్టం తగిలించి బానెట్ ఎత్తుకి తీసుకెళ్లాం. వేడెక్కిన యాక్సిల్ వంక నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని నీళ్లని పీలుస్తుంది.

వెనక డిఫరెన్షియల్ లోపలి స్పైడర్ గేర్లు వెల్డింగ్ చేసి కట్టేశాం, అంటే రెండు వెనక చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. ఇది రోడ్డెక్కని బండికి మాత్రమే. ముందుది ముట్టుకోలేదు. ముందుది కట్టేస్తే స్టీరింగు తిరగదు, నకిల్ లోపలి జాయింటు పగులుతుంది.

6వ వారం: క్వారీలో

చక్రాలు ఎంతవరకూ పైకీ కిందికీ ఆడతాయో కొలవడానికి 20 డిగ్రీల వాలు పలక చేయించాం: 2 మీటర్ల పొడవు, చివర 684 మి.మీ. ఎత్తు. ఒక ముందు చక్రాన్ని దాని మీద ఎక్కిస్తూ, మిగతా మూడింట్లో ఏదైనా నేల విడిచే చోట ఆపాలి. పలక మీద ఎక్కిన దూరాన్ని వీల్‌బేస్‌తో భాగించి వెయ్యితో గుణించాలి. పని మొదలుపెట్టక ముందు 1040 మి.మీ. ఎక్కింది, అంటే 438. ఇప్పుడు 1480, అంటే 623. షాకులు (షాక్ అబ్జార్బర్లు) తీసేసి చూస్తే ఇంకా పెరిగింది. కమాను ఇంకా వంగగలదు, షాకే ఆపుతోందన్నమాట. పొడవాటి షాకులు కొనేటప్పుడు పూర్తిగా నొక్కుకున్నప్పుడూ పూర్తిగా సాగినప్పుడూ 25 మి.మీ. చొప్పున మిగిలేలా కొలిచి కొనాలి.

బీడ్ లాకులు (టైరు అంచుని రిమ్ముకి బిగించే రింగులు) లేని రిమ్ములు కాబట్టి టైర్లలో గాలి 12 పీఎస్ఐ దగ్గర ఆపాం. 10 కంటే తగ్గితే పక్క వాలులో టైరు రిమ్ము నుంచి ఊడుతుంది. ఐడిలింగ్‌లోనే, కాలు పూర్తిగా తీసేసి, మోకాలెత్తు గుండు మీదికి ముందు చక్రం ఇసుక రాల్చకుండా ఎక్కింది. టైరు రాయిని పట్టుకుని, పక్క గోడ ముడతలు పడి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ పాకింది. గేర్లకి పెట్టిన డబ్బు అక్కడ కనిపించింది.

దెబ్బతిన్నవి రెండు. మొదటిది యూ బోల్టులు: కొత్త పెయింటు మీద బిగించడంతో పెయింటు నలిగి వదులయ్యాయి. దిమ్మె కూర్చునే ముఖాలకి పెయింటు వేయకూడదు, మొదటిసారి రాళ్ల మీద తిప్పాక మళ్లీ బిగించాలి. రెండోది, మెట్టులాంటి రాయి ఎక్కేటప్పుడు వెనక కమాన్లు ఎస్ ఆకారంలో మెలి తిరిగి పీనియన్ లేచింది, వెనక క్రాసు ఒక కప్పు విరిగింది. రెండు డిగ్రీలు దించి పెట్టినా అది చాలలేదు. దీనికి విరుగుడు యాక్సిల్ నుంచి ఛాసిస్‌కి ఒక టార్క్ ఆర్ము (యాక్సిల్ మెలి తిరగకుండా ఆపే రాడ్డు). దాని ముందు చివర షాకిల్‌తో (రెండు పక్కలా కీలున్న చిన్న లింకుతో) ఊగేలా ఉండాలి. రెండు చివర్లూ గట్టిగా బిగిస్తే కమాను కదలికే ఆగిపోతుంది, 623 మళ్లీ 438కి వస్తుంది.

ఎత్తు పెరిగింది కాబట్టి పక్కకి పడే కోణం తగ్గింది. ఉదాహరణకి సగం ట్రాకు (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరంలో సగం) 650 మి.మీ., బరువు కేంద్రం ఎత్తు 650 ఉంటే 45 డిగ్రీల దాకా నిలుస్తుంది. కేంద్రం 820కి లేస్తే 38 డిగ్రీలకే పడిపోతుంది. బ్యాటరీ, స్టెప్నీ, పనిముట్లు వీలైనంత కిందికి దించాలి. పైన క్యారియర్ పెట్టకూడదు.

మిగిలిన పని రోల్ కేజ్, అంటే బండి బోల్తా పడితే లోపలి మనిషిని కాపాడే గొట్టాల పంజరం. అది అయ్యేదాకా పక్క వాలు ఎక్కించేది లేదు. ఎఫ్ఐఏ (ప్రపంచ మోటారు రేసుల సంస్థ) నియమం ప్రకారం మెయిన్ హూప్‌కి (డ్రైవరు వెనక నిలిచే ప్రధాన వంపు గొట్టానికి) కోల్డ్ డ్రాన్ సీమ్‌లెస్ గొట్టం, వ్యాసం × మందం 45 × 2.5 మి.మీ., లేదా 50 × 2 మి.మీ. ఉండాలి. నీళ్ల గొట్టాలు పనికిరావు, వాటి అతుకు గీత వెంబడే చీలుతుంది, పైపూత కాలి విషపు పొగ వస్తుంది. వంపులు ఇసుక పోసి కాల్చి వంచకుండా హైడ్రాలిక్ బెండరు మీదే, వ్యాసానికి మూడింతల రేడియస్‌తో తిప్పించాలి. ప్రతి కాలి కింద 3 మి.మీ. ప్లేటు, కనీసం 120 చదరపు సెం.మీ., 8.8 గ్రేడు ఎం8 బోల్టులు మూడు. గొట్టాలు షెడ్డుకి వచ్చాయి, ముందుగా మెయిన్ హూప్ అచ్చుని 10 మి.మీ. కడ్డీతో వంచి డ్రైవరు తల మీద ఖాళీ చూస్తున్నాం.