బిల్లు వచ్చాకే వీసా కబుర్లు

మా పుస్తకాల గుంపు ఎవరింట్లోనూ కలవదు, రెస్టారెంట్లోనే. మొదట్లో ఇళ్లల్లోనే అనుకున్నాం. కానీ పనివాళ్లు లేని దేశంలో నలుగుర్ని పిలవాలంటే ఇల్లు సర్దడానికి ఒక పూట, వంటకి ఒక పూట పోతాయి. ఇక పుస్తకం చదివేదెప్పుడు? పైగా పోయినసారి వాళ్లు అన్ని రకాలు చేశారు, మనం తక్కువ చేస్తే ఏం బాగుంటుందని పోటీ ఒకటి. అందరికంటే బాగా మాట్లాడగల ఇల్లాలు స్టవ్ దగ్గరే ఉండిపోయేది. రెస్టారెంట్లో అందరూ అతిథులే.

ఆఫీసులో నా మాటలన్నీ కొలిచి వేసేవే. మీటింగులో ఒకరిని కాదనాలంటే ముందు రెండు మెచ్చుకోళ్లు చెప్పాలి. వీసా కంపెనీ చేతిలో ఉన్నవాడు మేనేజరుతో “మీది తప్పు” అనే ముందు ఇంటి అద్దె గుర్తు చేసుకుంటాడు. ఇక్కడ అలా కాదు. నవల చివర్లో కథానాయకుడు చేసింది వట్టి పిరికితనమని నేను బల్ల గుద్ది చెప్పొచ్చు. ఎదురుగా కూర్చున్నావిడ “మీకసలు అర్థమే కాలేదండీ” అనొచ్చు. మర్నాడు ఎవరి ఉద్యోగానికీ ఢోకా లేదు.

నియమాలు వాటంతటవే ఏర్పడ్డాయి. పొడుగు బల్ల అయితే ఆ చివరొక చర్చ, ఈ చివరొక చర్చ నడుస్తాయి కాబట్టి గుండ్రటి బల్లే కావాలి. వారాంతం వద్దు. వారం మధ్యలో, రద్దీ మొదలవకముందే చేరాలి. పుస్తకం లైబ్రరీలో దొరకాలి. కొత్తదైతే ఈబుక్కి కూడా వెయిటింగ్ లిస్టే, ఒక కాపీ ఒకసారికి ఒక్కరికే ఇస్తారు మరి. అందుకే పాతవే ఎంచుకుంటాం. చదవనివాళ్లూ రావచ్చు, కానీ ముగింపు చెప్పొద్దని మారాం చేయకూడదు. వీసాలు, లేఆఫ్‌లు, ఇళ్ల రేట్లు బిల్లు వచ్చాకే.

మాలో ఒకాయనకి ఈ ఏర్పాటు చాలదు. అమెరికా స్వాతంత్ర్య నాయకుల్లో ఒకడైన బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ని ఉదాహరణగా తెస్తాడు. బోస్టన్ వదిలి ఫిలడెల్ఫియా చేరిన ఆ ప్రింటరు, 1727లో తనలాంటి పనిచేసుకునేవాళ్లతో ‘జుంటో’ అనే చర్చా సంఘం పెట్టాడు. శుక్రవారం సాయంత్రాలు కలిసేవారు, మొదట పానశాలలో, తర్వాత ఓ చిన్న గదిలో. అక్కడ అందరి పుస్తకాలూ ఒకచోట చేర్చారు. ఆ పుస్తకాల ఏర్పాటు ఎక్కువకాలం సాగలేదు గానీ, 1731లో చందాల మీద నడిచే లైబ్రరీ వచ్చింది. “మనమూ ఓ గది చూసుకుందాం, ఒక పద్ధతి ఉంటుంది” అంటాడాయన.

నేను ఒప్పుకోలేదు. గది వస్తే తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న ప్రశ్న వస్తుంది, ఆ తర్వాత అధ్యక్షుడు వస్తాడు. అధ్యక్షుడొచ్చాక రెండో వర్గం రాకుండా ఉంటుందా? ప్రవాసంలో మన సంఘాలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ప్రస్తుతానికి బల్ల దగ్గరే ఉన్నాం. వచ్చే నెల పుస్తకం నేనే ఎంచాను, బాగా సన్నది. ఎదుటి కుర్చీ ఆవిడ అప్పుడే చదివేసి, రెండు చోట్ల నన్ను నిలదీయాలని గ్రూపులో మెసేజ్ పెట్టింది.