డాక్టర్ పొల్యకోవ్ నడిచిన ఆ కొద్ది అడుగులు

కిందటేడు మా నాన్నగారు తుంటి ఎముక విరిగి ఆరు వారాలు మంచానికే పరిమితమైన తరువాత, తొలిసారి కాలు నేల మీద మోపినప్పుడు ఇద్దరం చెరోవైపు పట్టుకోవలసి వచ్చింది. ఆరు వారాలకే కాళ్ళలో కండ అంతగా కరిగిపోతుందని నేను ఊహించలేదు. బరువన్నదే తెలియని అంతరిక్షంలో 437 రోజులు ఉండి వచ్చి, తన కాళ్ళ మీద తాను నడిచిన రష్యన్ వైద్యుడు వలేరి పొల్యకోవ్ ఆ రోజుల్లోనే నాకు మళ్ళీ మళ్ళీ గుర్తుకు వచ్చారు.

ఆయన 1942లో తులా నగరంలో పుట్టి, మాస్కోలో వైద్యం చదివారు. 1964లో బోరిస్ యెగోరోవ్ వోస్ఖోద్ నౌకలో వెళ్ళి, అంతరిక్షం చేరిన తొలి వైద్యుడయ్యారు. పొల్యకోవ్‌ను అంతరిక్ష వైద్యం వైపు నడిపించింది ఆ ప్రయాణమే. 1972లో వ్యోమగామిగా ఎంపికైనా, తొలి అవకాశం 1988 ఆగస్టులో గానీ రాలేదు. పదహారేళ్ళ ఎదురుచూపు! అప్పటికి మిర్ అనే సోవియట్ అంతరిక్ష కేంద్రంలో తితోవ్, మనరోవ్ అనే వ్యోమగాములు ఏడాది ప్రవాసాన్ని పూర్తి చేయబోతున్నారు. వారి ఆరోగ్యాన్ని కనిపెట్టుకుని ఉండడానికి వెళ్ళిన ఈ వైద్యుడు, వారు దిగివచ్చిన తరువాత కూడా అక్కడే ఉండి, మొత్తం 240 రోజులు గడిపారు.

రెండవసారి వెళ్ళినప్పుడు పరీక్షకు నిలబడింది ఆయన శరీరమే. అంగారకుడి దాకా సాగే సుదీర్ఘ ప్రయాణాన్ని మనిషి తట్టుకోగలడా అన్నది ప్రశ్న. భారం లేనప్పుడు రక్తం తల వైపు చేరుతుంది, ఎముకల్లోని కాల్షియం తరిగిపోతుంది, నడుము, కాళ్ళ కండరాలు క్షీణిస్తాయి. వీటిని ఎదుర్కోవడానికి ఆయన వ్యాయామాన్ని మందులా క్రమం తప్పకుండా చేశారు. మనఃస్థితిని కూడా పదేపదే పరీక్షించగా, వెళ్ళిన తొలి మూడు వారాల్లోనూ, తిరిగి వచ్చిన కొత్తలోనూ మాత్రమే కొంత తగ్గుదల కనిపించింది. నడుమనున్న నెలలన్నీ నిలకడగానే గడిచాయి. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన ఫలితం ఇదే.

1994 జనవరి 8న బయలుదేరిన ఆయన 1995 మార్చి 22న కజకిస్తాన్‌లో దిగారు. అలా దిగినవారిని సాధారణంగా మోసుకుని వెళ్ళి కుర్చీలో కూర్చోబెడతారు. ఆయన మాత్రం నౌక దగ్గర నుంచి కుర్చీ దాకా నడిచివెళ్ళారు. ఆ కొద్దిపాటి దూరం ఒక వైద్యుడు తన ఒంటి మీదే రాసి చూపిన నివేదికగా నాకు తోస్తుంది. ఆయన 2022 సెప్టెంబరులో, 80 ఏళ్ళ వయసులో కన్నుమూశారు; ఒకే విడతలో అన్ని రోజులు అంతరిక్షంలో ఉన్నవారు ఇప్పటికీ మరొకరు లేరు.